పాత బైకుల హ్యాండిల్ స్విచ్‌ల గోడు ఎవరికీ పట్టదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పాత బైకుల మీద లంబసింగి, మారేడుమిల్లి, కొందరైతే ఏకంగా లదాఖ్ దాకా వెళ్లొస్తున్న కుర్రాళ్ల గురించి మీ పేపర్లో తరచూ రాస్తున్నారు, చదవడానికి బాగుంటోంది. పక్కనే ఇంజన్ ఆయిల్, టైర్లు, హెల్మెట్ అంటూ జాగ్రత్తలు కూడా వేస్తారు. కానీ బండి నడిపేవాడి రెండు బొటనవేళ్ల దగ్గర ఉండే స్విచ్ సెట్ గురించి మాత్రం ఒక్క ముక్క కూడా కనపడదు. హారన్, హెడ్‌లైట్‌ని హైబీమ్‌కీ లోబీమ్‌కీ మార్చే డిప్పర్, ఇండికేటర్లు, సెల్ఫ్, ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ అన్నీ అక్కడే కదా ఉండేది!

థండర్‌బర్డ్ బైకు 2002లో వచ్చింది, కరిజ్మా 2003లో, అవెంజర్ 2005లో. దూరాలు తిరిగేవాళ్ల దగ్గర ఆ తరం బండ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఇంజన్ బోరు చేయిస్తే మళ్లీ లాగుతుంది, ట్యాంకుకి రంగు వేయిస్తే కొత్తదానిలా ఉంటుంది, స్విచ్ లోపల కరెంటు కలిపే రేకులు అరిగిపోతే మాత్రం అవి ఎవరికీ కనపడవు. హెడ్‌లైట్‌లో వాడే హెచ్4 బల్బు అంటే 60/55 వాట్లు, 12 వోల్టుల మీద దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. రిలే, అంటే స్విచ్ బదులు ఎక్కువ కరెంటును తాను మోసే చిన్న డబ్బా, లేని బండ్లలో ఆ కరెంటంతా వేలిగోరంత రేకు మీదుగానే పోవాలి, దానికి తోడు మనవాళ్లు వెలుతురు చాలడం లేదని 100 వాట్ల బల్బు బిగిస్తారు, అది 8 ఆంపియర్లు దాటుతుంది, ఇక ప్లాస్టిక్ కరగక ఏం చేస్తుంది? అరిగిన డిప్పర్ మధ్యలో ఆగిందంటే హైబీమూ ఉండదు, లోబీమూ ఉండదు, ఘాట్ రోడ్డు మలుపులో ఎదురుగా లారీ వస్తుంటే కళ్ల ముందు చీకటే. ఇలాంటప్పుడు బల్బు మార్చేసి పని అయిపోయిందనే మెకానిక్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, సెట్ మొత్తం మార్చేద్దాం అనుకుంటే అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూ వీలర్లకు ఇంజన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైట్ దానంతటదే వెలగాలనే నిబంధన వచ్చింది, దాంతో కొత్త బండ్ల మీద లైటు ఆన్, ఆఫ్ చేసే మీట తీసేశారు. అదే పేరున్న మోడల్‌కి ఇప్పుడు స్పేర్ పార్టుల షాపు కౌంటర్లో ఇచ్చే సెట్ చాలాసార్లు ఆ తర్వాతి రకమే. బయటికి చూస్తే ఒకేలా ఉంటుంది, బిగించబోతే తీగల్ని కలిపే ప్లగ్గు, అదే కప్లర్, కుదరదు, పాత బండి హెడ్‌లైట్ తీగకు చోటే ఉండదు. "సెట్ అయిపోద్ది సార్, మనోడు కలిపేస్తాడు" అని కౌంటర్ మీద అబ్బాయి ధీమాగా చెప్తాడు. ఆ మనోడు కప్లర్ కోసేసి, తీగలు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి పంపిస్తాడు. వానాకాలం రాగానే ఆ అతుకులోకి నీళ్లు చేరతాయి.

రంగు చూసి తీగలు కలపడం ఇంకో ప్రమాదం. హోండా పద్ధతి వైరింగ్‌లో ఆకుపచ్చ తీగ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ వైపుది, నల్ల తీగలో ఇగ్నిషన్ ఆన్ చేయగానే కరెంటు ఉంటుంది, అదే యమహాలో నలుపే ఎర్త్! ఒక కంపెనీ స్విచ్ ఇంకో కంపెనీ బండికి పెట్టి నలుపుకి నలుపు కలిపితే ఫ్యూజు కొట్టేయడం ఖాయం, ఆ ఫ్యూజు చోట రాగితీగ చుట్టిన మహానుభావుడు ముందే ఎవరైనా ఉంటే వైరింగే కాలిపోతుంది. పైగా అప్పటి బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీతో పనిలేకుండా ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ మీద వెలిగేది, రేస్ ఇస్తే లైటు పెరిగేది గుర్తుందా, అలాంటివాటిలో ఆ తీగను తెచ్చి బ్యాటరీ లైనుతో కలపకూడదు. బ్యాటరీ మైనస్ తీసి, పాత కప్లర్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఏ మీట నొక్కితే ఏ రెండు తీగలు కలుస్తున్నాయో కరెంటు కొలిచే మల్టీమీటర్‌తో చూసి రాసుకుంటే ఇంత గొడవ ఉండదు. కాస్త టైమ్ పడుతుంది, అంతే.

స్విచ్ డబ్బా లోపల చిన్న పెగ్గు ఉంటుంది, అది హ్యాండిల్ రాడ్డు మీద ఉన్న చిల్లులో కూర్చోవాలి. వెడల్పు హ్యాండిల్ మీద మోజుతో రాడ్డు మార్చినవాళ్లు ఆ చిల్లు వేసే ఓపిక లేక పెగ్గునే అరగదీస్తారు, ఆ తర్వాత హారన్ కొట్టబోతే డబ్బా మొత్తం తిరుగుతుంది. కుడివైపు డబ్బాలోనే యాక్సిలరేటర్ కేబుల్ ఉండే బండ్లయితే ఇంకా జాగ్రత్త. బిగించాక రేస్ ఇవ్వకుండా ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి, రేస్ పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం, అలాగే రోడ్డెక్కితే మలుపులో బండి మన మాట వినదు.

ప్రతిసారీ కొత్తది కొనాలని కూడా లేదు. స్విచ్‌లు పాడయ్యేది అరగడం వల్ల ఒక్కటే కాదు, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా వాటి మీద పెట్టడం వల్ల కూడా. విప్పి, పచ్చగా చిలుము పట్టిన రేకుల్ని కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి కొంచెం గ్రీజు రాస్తే లేచి కూర్చున్నవి నేను ఎన్నో చూశాను. లోపల స్ప్రింగు కింద ఆవగింజంత బాల్ ఉంటుంది, విప్పేటప్పుడు కింద గుడ్డ పరుచుకోండి, ఎగిరిపోయిందంటే మళ్లీ దొరకదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ఒక్క డిప్పర్ రేకు విడిగా దొరికితే పోయే పనికి మొత్తం సెట్ కొనమంటున్నారు, షోరూముల్లోనేమో "ఆ మోడల్ ఆగిపోయింది" అని చేతులెత్తేస్తున్నారు. మా విజయవాడ ఆటోనగర్‌లోనే తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు ఢిల్లీలో బైకు పార్టుల బజారున్న కరోల్ బాగ్ నుంచి తెప్పించుకుంటున్నారు, వచ్చేది అసలుదో నకిలీదో బిగించేదాకా తెలియదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో కొన్న వస్తువును మనమే బాగు చేయించుకునే హక్కు కోసం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. మంచిదే. కానీ నాలాంటివాడికి కావలసింది కస్టమర్ కేర్ నంబరు కాదు. 2017కి ముందు బండికి ఏ పార్ట్ నంబరు, తర్వాతి బండికి ఏది, ఒకదాని బదులు ఇంకోటి పెట్టొచ్చా లేదా, పెడితే ఏ తీగ ఎక్కడికి పోవాలి అన్నది బొమ్మతో సహా అక్కడ ఉండాలి. కంపెనీల దగ్గర ఈ సమాచారమంతా ఉంది, బయట పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

రవాణా శాఖకు కూడా ఒక మాట. సొంత బండ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతే మళ్లీ తనిఖీ చేయించుకుని రెన్యువల్ చేసుకోవాలి, నేను చెప్పిన తరం బండ్లలో చాలావరకు ఇప్పటికే ఆ లైనులోకి వచ్చేశాయి. అక్కడ లైటు వెలిగిందా, హారన్ మోగిందా అని ఒకసారి చూసి టిక్కు పెట్టేస్తే చాలదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి డిప్పర్‌ని నెమ్మదిగా ఇటూ అటూ నాలుగుసార్లు కదిపించండి, మధ్యలో లైటు ఆరితే స్విచ్ బాగు చేయించుకుని రమ్మని వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక పాత బండి యజమాని, విజయవాడ