పవర్ బ్యాంక్ ఇచ్చిన ఆంటీ గారికి

మొన్న లండన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో, వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ అనే మ్యూజియంలో నాకు సాయం చేసిన ఆంటీ గారూ, ఏడుపు గొంతుకి అడ్డంపడి మీ పేరు కూడా అడగలేకపోయాను.

నా చిన్నతనమంతా లండన్‌లోనే పోప్లర్ అనే చోట, రాబిన్ హుడ్ గార్డెన్స్‌లో గడిచింది. 1972లో పూర్తయిన కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఫ్లాట్లు, రెండు పొడవాటి బ్లాకులు, 213 ఇళ్లు. 2017లో కూల్చడం మొదలుపెట్టారు. మ్యూజియం వాళ్లు భద్రపరిచిన ఆ భవనం ముక్కను గుంటూరులో ఉన్న అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తున్నాను. "మన వరండా ఏదమ్మా?" అని అమ్మ అంటుండగానే నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఆ వరండాలోనే అమ్మ నాకు జడలేసేది. బ్లాకుల మధ్య ఉన్న పెద్ద మట్టిదిబ్బ మీంచి అట్టముక్కల మీద జారి, గౌను నిండా గడ్డి మరకలతో వస్తే, అక్కడే నిలబెట్టి తిట్టేది కూడా.

మీరు అడక్కుండానే పవర్ బ్యాంక్ తీసిచ్చారు. వైరు పొట్టిది కావడంతో దాన్ని పట్టుకుని అరగంట నా పక్కనే నడిచారు, మాకు తెలుగులో మాట్లాడుకునే తీరిక ఇచ్చి.

అమ్మ స్క్రీన్ మీద ఆ సిమెంటు గోడని వేలితో నిమిరింది. మీకు నమస్కారం చెప్పమంది. చాలా చాలా థ్యాంక్స్ ఆంటీ.