కూలీలతో జైళ్లు నింపితే ఎర్రచందనం నరుకుడు ఆగదు

సంపాదకులకు నమస్కారం.

ఎర్రచందనం దుంగలతో కూలీలు పట్టుబడ్డారన్న వార్తలు మన జిల్లా పేజీల్లో తరచూ వస్తున్నాయి. పట్టుబడేవారిలో చాలామంది తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికోసం శేషాచలం అడవుల్లోకి వచ్చే పేదలు. వారిని రిమాండుకు పంపగానే మేస్త్రీ మరో ఊళ్లో మరికొందరిని కుదుర్చుకుంటాడు. పెట్టుబడి పెట్టేవాడు, దుంగ కొనేవాడు బయట ఉన్నంతకాలం ఎంతమంది కూలీలను లోపల వేసినా చెట్టు మిగలదు.

అమెరికా 1970ల నుంచి ఖైదీల సంఖ్యను జనాభా పెరుగుదలతో పోలిక లేనంతగా పెంచుకుంటూ పోయింది. 1990లలో అక్కడ నేరాలు తగ్గిన మాట నిజమే. అయితే జైళ్లను అలా నింపని పొరుగుదేశం కెనడాలోనూ అదే కాలంలో తగ్గాయి. శిక్షాకాలం పొడవు కంటే దొరికిపోతామన్న భయమే నేరాన్ని ఎక్కువగా ఆపుతుంది.

మన దేశంలో 2022 చివరినాటికి జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. కోర్టు బెయిలిచ్చినా జామీనుదారు దొరకక లోపలే ఉండిపోయే పేదలున్నారు; పొరుగు రాష్ట్రపు కొండ కూలీకి చిత్తూరులో ఆస్తి కాగితాలతో పూచీ పడేదెవరు? యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలు కానప్పుడు, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని నిందితుడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే విడుదల చేయాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. కానీ ఒకటికి మించి కేసులుంటే ఆ వెసులుబాటు వర్తించదు. ఒకే కూలీ పేరును పలు కేసుల్లో చేరిస్తే ఈ మేలు అతనికి అందదన్నది నన్ను బాగా బాధిస్తున్న విషయం.

అటవీ సిబ్బందిపై దాడిచేసేవారిని, ముఠా నాయకులను వదలమని నేను కోరడం లేదు. అయితే తొలిసారి చిన్న నేరం చేసినవారిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన షరతుపై వదిలేందుకు 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. రూ.5,000 లోపు దొంగతనం తొలిసారి చేసి సొత్తు తిరిగిచ్చినవారికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షగా విధిస్తోంది. పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీలకు కేంద్రం రూ.40,000 వరకు సాయమందించే పథకాన్ని 2023లో తెచ్చింది.

చిత్తూరు, తిరుపతి జైళ్లలో బెయిలు వచ్చీ బయటికి రాలేనివారు ఎందరో, వారిలో ఎందరికి ఈ సాయం అందిందో అధికారులు ప్రతి నెలా ప్రకటించాలి. తమిళం తెలిసిన న్యాయవాదులను న్యాయసేవాధికార సంస్థ ఆ ఖైదీల దగ్గరకు పంపాలి. కొనుగోలుదారులపై పెట్టిన కేసులు ఏ దశలో ఉన్నాయో మీ పత్రిక కూడా ఆరా తీసి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.