ఆగస్టు నుంచి మేము మట్టి నింపి ఇచ్చిన కుండీల గురించి

మా దగ్గర మొక్కలు తీసుకునే ఆత్మీయులందరికీ నమస్కారం.

ఆగస్టు మొదటి వారం నుంచి అక్టోబరు చివరి దాకా నెల్లూరులోని మా నర్సరీలో మట్టి నింపి ఇచ్చిన కుండీల్లో చాలా వాటిలోకి, ఫంగస్ నాట్ అనే సన్నని నల్ల ఈగల గుడ్లూ పురుగులూ ఆ మట్టితోపాటే వచ్చాయి. మీ ఇంట్లో కిటికీ అద్దం మీదా, టీవీ ముందూ, భోజనాల బల్ల దగ్గరా ఇవి తిరుగుతూ ఉంటే అది మీ పెంపకంలో లోపం కాదు, మేము ఇచ్చిన మట్టిలోని లోపం.

ఈ మాట చెప్పడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా చెప్పాలి. అక్టోబరులో వానలు మొదలైన వారానికే నలుగురైదుగురు ఈగల సంగతి నా దృష్టికి తెచ్చారు. వారందరికీ నేను ఒకటే సమాధానం చెప్పాను: నీళ్లు ఎక్కువ పోస్తున్నారు, తగ్గించండి అని. తరవాత ఒకరోజు, ఎనిమిదేళ్లుగా మా దగ్గరే మొక్కలు తీసుకుంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పీస్ లిల్లీ కుండీకి పైనుంచి పాలిథీన్ కవరు కట్టి ఆటోలో తీసుకొచ్చారు. కవరు లోపల చెమ్మ పట్టి ఉంది. ఆ చెమ్మ మీద పదిహేను ఇరవై నల్లని ఈగలు నడుస్తున్నాయి. "వారానికి ఒక్కసారే నీళ్లు పోస్తున్నాను బాబూ, అది కూడా గ్లాసుతో కొలిచి" అని ఆవిడ అన్నప్పుడు నేను బదులు చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రమే గోడౌనులో ఇంకా మూతి విప్పని సంచుల్లో పన్నెండింటిని తెరిచి, ఒక్కొక్కదానిలో మట్టిని కొద్దిగా తడిపి, పచ్చి బంగాళాదుంప ముక్కను పైన ఒత్తి పెట్టాను. నాలుగో రోజు ముక్కలు తిప్పి చూస్తే తొమ్మిదింటి కింద పురుగులు ఉన్నాయి. ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉంది, తల మాత్రం ఆవగింజ తొక్కంత నల్లగా మెరుస్తోంది. ఏ ఇంటికీ వెళ్లని సంచుల్లో, ఎవరూ నీళ్లు పోయని మట్టిలో అవి ఉన్నాయి.

పదకొండేళ్లపాటు మా కుండీల మట్టిని మేమే కలుపుకున్నాం. ఎర్రమట్టి, కడిగి ఆరబెట్టిన కొబ్బరి పొట్టు, ఏడాది మాగిన పశువుల ఎరువు, కొంచెం కాల్చిన ఊక, వేపపిండి అందులో ఉండేవి. మొక్కల కంటే ఆ మట్టి కోసమే మా దగ్గరికి వచ్చేవారు ఉన్నారని నేను గర్వంగా చెప్పుకునేవాణ్ని. ఈ ఏడాది వేసవిలో ఇద్దరు పనివాళ్లు మానేయడం, ఆఫీసులకు కుండీలు అద్దెకు ఇచ్చే పని పెరగడంతో బయటి జిల్లా నుంచి సిద్ధంగా కలిపిన మట్టి తెప్పించాను. మొదటి లోడు దిగినప్పుడు ఒక సంచిలో చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా తగిలింది. ఎరువు మాగలేదని ఆ వెచ్చదనమే చెబుతుందని నాకు తెలుసు. మాగని ఎరువుకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజే ఈ పురుగులకు తిండి. తెలిసి కూడా లోడు వెనక్కి పంపలేదు.

సరఫరాదారుకు ఫోన్ చేసి బంగాళాదుంప ముక్కల సంగతి చెబితే, "ఈ ఈగలు ఎక్కడ లేవండీ, మీ పార్టీలు నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు" అన్నాడు. ఆ మాటే నేను మీలో కొందరితో అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సగం ధరకు ఇంకో లోడు పంపుతానన్నాడు, అక్కర్లేదన్నాను. ఇకమీదట ఉచితంగా పంపినా ఆ మట్టి మా గేటు దాటి లోపలికి రాదు.

ఆ తరవాత మూడు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని విషయం వేరే ఉంది. మిగిలిన అరవై రెండు సంచులనూ, అమ్మకానికి సిద్ధంగా ఉన్న రెండు వందలకు పైగా కుండీలనూ ఏం చేయాలన్నది ఆ విషయం. వరి పండించే మా బంధువు ఒకాయన, చిటికెడు గుళికల మందు మట్టిలో కలిపితే వారంలో పురుగు మాయమవుతుందని, ఎవరికీ చెప్పనక్కర్లేదని సలహా ఇచ్చాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. పొలంలో ఆ మందుకు ఒక లెక్క, మోతాదు, చల్లిన తరవాత ఆగాల్సిన రోజులు ఉంటాయి. కానీ మన కుండీలు పడకగదిలో తల పక్కన, పసిపిల్లలు పాకే గచ్చు మీద, వంటగట్టు మీద ఉంటాయి. పిల్లలు ఆ మట్టిలో వేళ్లు పెడతారు, పిల్లులు తవ్వుతాయి. మొదటి రాత్రి చిటికెడే కదా అనుకున్నాను. రెండో రాత్రి సంచుల ఖరీదు లెక్క వేసుకుని, మందు వేయడమే మంచిదని దాదాపు నిశ్చయించుకున్నాను. మూడో రాత్రి, వచ్చే నెల ఆ ఉపాధ్యాయిని వచ్చి ఈగలు ఎలా పోయాయని అడిగితే ఏం చెప్పగలనని ఆలోచించాను. తెల్లవారి లేవగానే గుళికల పొట్లం తెచ్చిన చోటికే తిప్పి పంపాను. రోహిణి కార్తె ఎండలైతే మట్టిని పలచని ప్లాస్టిక్ పట్టా కింద వారాలపాటు మాడ్చి శుభ్రం చేసుకోవచ్చు, కానీ ఈశాన్య రుతుపవనాల ముసురులో అది కుదరదు. అందుకని ఆ మట్టినంతా ఊరి బయట తోటలో గుంత తీసి పూడ్పించాను. నష్టం నాదే, దాని మీద ఇక చర్చ లేదు.

మీ ఇంట్లో తిరిగేవి అవేనా కాదా అని ముందు తేల్చుకోండి, ఎందుకంటే అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. ఫంగస్ నాట్ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, కాళ్లు సన్నగా పొడవుగా ఉంటాయి, చూపుకు చిన్న దోమలా ఉంటుంది. ఎగరడంలో బలహీనమైనది కావడంతో ఎక్కువగా మట్టి మీదే పరుగులు తీస్తుంది. భూతద్దంలో చూస్తే రెక్క మీద చీలిన కొమ్మలాంటి ఈనె కనిపిస్తుంది. కళ్లు ఎర్రగా, ఒళ్లు గోధుమ రంగులో ఉండి అరటిపళ్ల దగ్గర మూగేవి పండ్ల ఈగలు. స్నానాలగది గోడల మీద నూగు రెక్కలతో వాలి ఉండేవి కాలువ ఈగలు. ఆకును కదిపితే అడుగు నుంచి తెల్లగా లేచేది తెల్లదోమ. ఫంగస్ నాట్ మనిషిని కుట్టదు, మనకు రోగాలు అంటించదు. పెద్ద మొక్కలు దీన్ని తట్టుకుంటాయి, కానీ నారు మొక్కలకూ కొత్తగా నాటిన కొమ్మలకూ మాత్రం నిజంగా నష్టమే, ఎందుకంటే పురుగులు లేత వేళ్లను కొరుకుతాయి, వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు పాకడానికి దారి చేస్తాయి.

సుమారు 24 డిగ్రీల వేడిలో గుడ్డు ఈగ కావడానికి దాదాపు 17 రోజులు పడుతుంది, ఒక ఆడ ఈగ రెండు వందల దాకా గుడ్లు పెట్టగలదు. కాబట్టి ఎగిరేవాటిని ఎన్ని కొట్టినా లాభం లేదు, కనీసం మూడు నాలుగు వారాలు విడవకుండా మట్టిలోని పురుగు మీద పని చేయాలి. పురుగులు ఎక్కువగా పైన రెండు మూడు అంగుళాల మట్టిలోనే ఉంటాయి. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ లాంటి వాటికి పైమట్టి రెండు అంగుళాల లోతున వేలికి పొడిగా తగిలేదాకా నీళ్లు పోయకండి. పీస్ లిల్లీ కొంచెం వాలినా నీళ్లు తగలగానే లేస్తుంది. ఫెర్న్‌లను మాత్రం అలా ఎండబెట్టకండి. వాటి కుండీని నీళ్లున్న బేసిన్‌లో అరగంట ఉంచి తీస్తే అడుగు నుంచి తడి అందుతుంది, పైమట్టి అంతగా తడవదు. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచకండి, డెంగీ దోమకూ అదే పుట్టిల్లు. బియ్యం కడిగిన నీళ్లు, వాడేసిన టీ పొడి కొన్నాళ్లు మొక్కలకు మానండి. అవి మంచివేనని నేనే చాలామందికి చెప్పాను, కానీ ఇప్పుడు అవి బూజుకు మేత అవుతాయి.

పసుపు జిగురు అట్టలు ఎదిగి ఎగిరే ఈగలనే పట్టుకుంటాయి. వాటిని మట్టి పక్కనే పెట్టి, వారం వారం ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకుంటే తగ్గుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. పురుగును చంపడానికి బి.టి.ఐ. (బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్) అనే బ్యాక్టీరియా పొడి ఉంది. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దీన్ని కనుగొన్నారు, దోమ పిల్లలను చంపడానికి నీటి గుంటల్లో వాడేది ఇదే. మట్టిలో దీని ప్రభావం కొద్ది రోజులే కాబట్టి ఐదారు రోజులకోసారి నీళ్లలో కలిపి మళ్లీ మళ్లీ పోయాలి. ఎరువుల దుకాణాల్లో పచ్చపురుగుకు ఇచ్చే కుర్‌స్టాకీ రకం బి.టి. దీనికి పనిచేయదు, పొట్లం మీద ఇస్రాయెలెన్సిస్ అని ఉందో లేదో చూసి తీసుకోండి.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తీసుకున్న కుండీలను ఎప్పుడైనా తీసుకురండి, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. వేళ్లు కడిగి, మేము కలిపిన మట్టిలో ఉచితంగా నాటి ఇస్తాం. మోయలేనంత పెద్ద కుండీలైతే, నెల్లూరులో ఉన్నవారి ఇళ్లకు ఆదివారాల్లో నేనే వస్తాను. కావలి, ఒంగోలు వైపు వారికి జిగురు అట్టలు, మూడు వారాలకు సరిపడా పొడి పార్సిల్‌లో పంపుతాం, ఖర్చు మాదే. చనిపోయిన మొక్కకు అదే మొక్క ఇస్తాం.

మట్టి మళ్లీ మేమే కలుపుతున్నాం. ప్రతి కుప్పలోనూ బంగాళాదుంప ముక్కలు పెట్టి నాలుగు రోజులు చూసిన తరవాతే కుండీలు నింపుతాం కాబట్టి సంక్రాంతి దాకా నింపిన కుండీలు తక్కువగానే దొరుకుతాయి. ఆ ముక్కలు కౌంటరు పక్కన పళ్లెంలో ఉంటాయి, వచ్చినప్పుడు మీరే తిప్పి చూడవచ్చు.