కుక్క గొడవ వేరు, గోడ గొడవ వేరు

తెనాలి, ఆదివారం

ఒరేయ్ శ్రీనూ,

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు మాట్లాడిన తీరు చూసి భయమేసింది. పక్కింటాయనకి లాయర్ నోటీసు పంపిస్తానన్నావు, ఆయన అన్నం పెట్టే వీధి కుక్కల్ని మున్సిపాలిటీ బండి ఎక్కించేదాకా ఊరుకోనన్నావు, ఆయన కట్టిన కాంపౌండ్ గోడ పడగొట్టిస్తానన్నావు. మూడూ ఒకే ఊపులో అన్నావు. ఫోన్‌లో సమాధానం చెబితే మధ్యలో అడ్డుపడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. పెద్దదే అవుతుంది. చెల్లెమ్మని కూడా చదవమను. మీ ఇద్దరిలో ఆవిడే ముందు శాంతిస్తుంది.

నోటీసు మాత్రం ఇప్పుడే పంపకు. ఎందుకో చెప్పాలంటే మా అక్కావాళ్లింట్లో జరిగింది చెప్పాలి.

కాలవ అవతల అక్కావాళ్ల పాత ఇల్లు నీకు తెలుసుగా. యూనివర్సిటీ సెలవులకి వచ్చినప్పుడు ఆ అరుగు మీదే పడుకునేవాళ్లం. ఆ ఇల్లూ, పక్కన మాష్టారి ఇల్లూ ఒకప్పుడు ఒకటే. బావ తాతగారి కాలంలో పంచుకుని, మధ్యన ఒక సందు వదిలారు. ఆ రెండో వాటాని తర్వాత మాష్టారి నాన్నగారు కొన్నారు. రెండిళ్లవాళ్లూ దొడ్లోకి వెళ్లాలంటే ఆ సందే దారి. మురుగు కాలవ అందులోనే, అక్కావాళ్ల మోటారు అందులోనే, మాష్టారి బాత్రూము గొట్టాలూ అందులోనే. ఇన్నేళ్లూ ఎవరూ అది ఎవరిదని అడగలేదు.

మాష్టారూ ఆయన భార్యా ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. ఎనభై దాటిన మామ్మగారు పగలంతా ఒక్కరే ఉంటారు. ఆ వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డాక, మామ్మగారికి తోడుగా ఉంటుందని వాళ్లబ్బాయి ఒక నాటు కుక్కని తెచ్చాడు. జిమ్మీ దాని పేరు. అది రోడ్డు మీదికి పోకుండా సందు మొదట్లో ఇనప గేటు పెట్టించి తాళం వేశారు. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. జిమ్మీని ఆ గేటు పక్కనే గొలుసుతో కట్టేశారు.

ఇక చూడు. పనమ్మాయి దొడ్లోకి వెళ్లలేదు. మోటారు పాడైతే మెకానిక్ లోపలికి రాలేడు. రాత్రి ఒంటిగంటకి ఎవరో బండి వేసుకుపోతే జిమ్మీ లేచి తెల్లారేదాకా అరుపే. బావకి బీపీ. అక్క వెళ్లి, "వదినగారూ, ఆయనకి నిద్ర ఉండటం లేదండీ, కాస్త లోపల కట్టుకోండి" అంటే, "కుక్కన్నాక అరవదా అండీ, మా అత్తగారికి ఏమన్నా అయితే మీరొస్తారా" అని ఆవిడ అన్నారు. అక్క తిరిగి ఏమందో ఇక్కడ రాయను. పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్లు రెండూ, ఆ రోజు నుంచి ఎదురుపడితే మొహం తిప్పుకున్నాయి.

బావ స్టేషన్‌కి వెళ్లాడు. అక్కడ కూర్చోబెట్టి విని, ఇది సివిల్ మేటర్ అండీ, కోర్టుకి వెళ్లండి అని పంపించేశారు. ఆ రోజు బావతో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చే దారిలో ఆయనన్న మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. "కుక్క ఎంతకాలం బతుకుతుందిరా? పదేళ్లు, పన్నెండేళ్లు. ఆ గేటు పన్నెండేళ్లు అలాగే ఉంటే సందు వాళ్లదైపోతుంది" అన్నాడు.

అదీ ఆయన నిద్ర పట్టకపోవడానికి కారణం. జిమ్మీ అరుపు కాదు. ఇంకొకరి స్థలాన్ని బాహాటంగా, అసలు యజమానికి వ్యతిరేకంగా పన్నెండేళ్లు అనుభవిస్తే, తర్వాత అది తనదేనని వాదించడానికి 1963 లిమిటేషన్ చట్టంలో వీలుంది. బావకి ఆ ముక్క ఎవరో చెవిలో వేశారు. ఉమ్మడి స్థలంలో అది అంత తేలిక కాదనీ, ఒకరి అనుమతితో వాడుకుంటే ఎన్నేళ్లయినా హక్కు పుట్టదనీ చెప్పలేదు. సగం చట్టం తెలిసిన సలహాదారులు మన ఊళ్లలో చేసే నష్టం ఇంతా అంతా కాదు. కొంపలు కూలుతున్నాయి.

అంటే అక్కడున్నవి రెండు తగాదాలు. ఒకటి ఒక ప్రాణి గురించి, దాని అరుపు గురించి, ఒక ముసలావిడ భయం గురించి. రెండోది కాగితం గురించి, కొలతల గురించి. ఇద్దరూ రెండోదాని కోపం మొదటిదాని మీద చూపించారు. జిమ్మీ ఎప్పుడు అరిచినా బావకి గేటు గుర్తొచ్చేది. గేటు మాట ఎత్తితే చాలు, మా కుక్కంటే వీళ్లకి పడదని మాష్టారు అనుకునేవారు.

ఈలోగా అక్క మనవడు సెలవులకొచ్చాడు. బంతి సందులో పడితే పిట్టగోడ ఎక్కి దూకాడు. జిమ్మీ పిక్క పట్టుకుంది. అక్క కేకలకి నేను వెళ్లేసరికి ఎవరో పసుపు తెస్తున్నారు, ఇంకొకరు సున్నం అంటున్నారు. శ్రీనూ, ఇది మీ ఇంట్లో అందరికీ చెప్పు: పసుపూ వద్దు, సున్నమూ వద్దు, కట్టూ వద్దు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదలుపెట్టిన రోజు, అక్కణ్ణించి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకి వేస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే, గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ కూడా చేస్తారు. వాడికి అన్నీ చేయించాం. జిమ్మీని పది రోజులు కనిపెట్టి చూడమన్నారు. అది బాగానే ఉంది.

కానీ ఆ పది రోజుల్లో వీధిలో ఒక పెద్దమనిషి బావ దగ్గర కూర్చుని, "బిస్కెట్లో పెట్టి పడేస్తే పీడా పోతుందండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగానే అరిచాను. జంతువుని విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. కుక్కని నిర్లక్ష్యంగా వదిలి మనిషికి హాని జరిగేలా చేస్తే 291 కింద యజమానికీ ఆరునెలల దాకా శిక్షో, ఐదు వేల జరిమానానో, రెండూనో ఉన్నాయి. చట్టం ఇద్దరికీ ఉంది. చట్టం సంగతి అటుంచు. ఏ పాపం ఎరగని కుక్కపిల్ల యాగశాల దగ్గర తిరిగిందని జనమేజయుడి తమ్ముళ్లు కొడితే, తల్లి సరమ రాజు ముందుకొచ్చి నిలదీసిన కథ చిన్నప్పుడు మనకి మీ నాయనమ్మే చెప్పింది. తన హద్దు తనకి తెలియని మూగజీవం మీద మనిషి చేయెత్తకూడదని నాకు అప్పటినుంచీ గట్టిగా నాటుకుపోయింది.

మర్నాడు నేనే మాష్టారి ఇంటికి వెళ్లాను. బావ తరఫున రాలేదు, జిమ్మీ గురించి వచ్చానని చెప్పాను. మామ్మగారు మంచినీళ్లిచ్చి, పిల్లవాడు ఎలా ఉన్నాడని ముందు అడిగారు. మాష్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయనకీ ఆ పది రోజులు నిద్రలేదు. కార్డు తీసి చూస్తే టీకా గడువు దాటిపోయి ఉంది. జూలై 6న జూనోసిస్ దినోత్సవానికి, అంటే జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల దినానికి, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు కదా, అది కూడా ఆయన మర్చిపోయారు. పరిశీలన అయ్యాక ఇద్దరం కలిసి జిమ్మీని తీసుకెళ్లాం.

అక్కడ డాక్టరుగారు దాని మెడ చూశారు. గొలుసు ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి. రోజంతా పొట్టి గొలుసుతో, ఎండలో, వచ్చేపోయేవాళ్లు కనిపించే గేటు దగ్గర కట్టేస్తే ఏ కుక్కయినా ఇలాగే అవుతుందన్నారు. అస్తమానం పొట్టి గొలుసుకి కట్టేయడం, తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పారు. మాష్టారికి అది తెలియదు. ఇంటికొచ్చి జిమ్మీని వెనక వరండాలోకి మార్చారు. గేటు కంతల్లోంచి రోడ్డు కనపడకుండా రేకు కొట్టించారు. పొద్దునా సాయంత్రం ఆయనే కాలవ గట్టు మీద తిప్పుతున్నారు. రాత్రి అరుపు మొత్తం ఆగలేదు గానీ, తెల్లవార్లూ అరవడం ఆగింది. కుక్క తగాదా అంతటితో తీరింది. దానికి లాయరుతో పనేమన్నా పడిందా చెప్పు.

సందు మాత్రం మిగిలింది. ఈ భాగం జాగ్రత్తగా చదువు, నీకు కావలసింది ఇదే.

బావ దస్తావేజులో పడమర హద్దు "ఉమ్మడి సందు" అని ఉంది. మాష్టారి దస్తావేజులో తూర్పు హద్దు "బావగారి ఇల్లు" అనే అర్థంలో ఉంది, సందు మాటే లేదు. ఎవరి కాగితం వాళ్లు చదువుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు ఉంటుంది. ఇలాంటప్పుడు రెండు కాగితాలకీ తల్లి ఎక్కడుందో వెతకాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించి పాత పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు, నకలు తీయించాం. అందులో స్పష్టంగా ఉంది: సందు వెడల్పు మూడడుగులు, ఇరువాటాలకీ ఉమ్మడి, దొడ్లో నూతి ఒర నుంచి కొలతలు. గోడలు మారతాయి, అరుగులు పెరుగుతాయి, నుయ్యి కదలదు. ఇప్పుడు దాని మీద పలక మూసి ఉంది, కానీ ఒర అలాగే ఉంది.

లైసెన్సు ఉన్న సర్వేయరుని ఇద్దరూ సగం సగం డబ్బిచ్చి పిలిచారు. ఇద్దరి ముందే, ఒకే టేపుతో కొలిచాడు. వెనక మూడడుగులు సరిగ్గా ఉంది. ముందు రెండడుగుల ఏడంగుళాలే వచ్చింది. ఆ ఐదంగుళాలు తిన్నది మాష్టారి గోడ కాదు. బావ నాన్నగారు ఎప్పుడో పక్క గుమ్మానికి కట్టించిన మెట్టు. బావ చాలాసేపు ఆ మెట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. మాష్టారు మాత్రం ఒక్క మాట అనలేదు, "ఉండనివ్వండి, అక్కయ్యగారు ఎక్కి దిగాలి కదా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మాటలతో ఆపొద్దని నేనే పట్టుబట్టాను. మనుషులు మారతారు, పిల్లలు ఇళ్లు అమ్ముతారు. కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాయించాం. కోర్టు ఫీజు లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం అక్కడిచ్చే అవార్డు, అంటే ఆ రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. సందు ఉమ్మడిదే, గేటు ఇద్దరి అనుమతితో ఉంది, మెట్టూ అంతే, వీటి వల్ల ఎవరికీ కొత్త హక్కు రాదు, తాళంచెవులు రెండు, కుక్కని సందులో కట్టకూడదు, మురుగు కాలవ ఖర్చు చెరిసగం. ఆ "అనుమతితో" అన్న ఒక్క ముక్కతో బావ పన్నెండేళ్ల టెన్షన్ పోయింది.

ఇప్పుడు నీ సంగతి. నీకూ రెండు తగాదాలున్నాయి. ఒకే నోటీసులో రెండూ పెడితే ఆయన రెండింటికీ ఎదురు తిరుగుతాడు.

ఆయన కుక్కలకి అన్నం పెట్టడం తప్పు కాదు. మీ గేటు ముందు, పిల్లలు స్కూలు ఆటో ఎక్కే చోట పెట్టడం తప్పు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఇది ఉంది: పిల్లలు ఆడుకునే చోటికీ, రాకపోకల దారులకీ, మెట్లకీ దూరంగా, కాలనీవాళ్లూ అన్నం పెట్టేవాళ్లూ కలిసి ఒక చోటూ, వేళా నిర్ణయించుకోవాలి. కుదరకపోతే పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి ఉండే కమిటీ తేలుస్తుంది. కుక్కల్ని ఎక్కడికో తోలేయమని నువ్వు అడిగితే కుదరదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ తప్ప. అన్నం మాత్రం కేటాయించిన చోటే పెట్టాలంది. కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లి, వాటికి ఆపరేషన్లు అయ్యాయా, దానికి గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉందా అని అడుగు. కాకపోతే ఇద్దరూ కలిసి కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టండి. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తేనే అవి దగ్గరికొస్తాయి. పట్టించడానికి నీకు ఆయనే దిక్కు. ఆయన్ని శత్రువుని చేసుకుంటే అవి ఎవరి చేతికీ చిక్కవు.

గోడ సంగతి ఆ మాటల్లో ఎత్తకు. అది ఇంకో రోజు. ఆరంగుళాలు మీవైపుకి జరిపి కట్టాడని నువ్వు అంటున్నావు, ఎక్కణ్ణించి కొలిచావు? మీ వెనక గోడ నుంచి అయితే ఆ కొలత పనికిరాదు. ఆ గోడ సరిగ్గా ఉందని ఎవరు చెప్పారు? లేఅవుట్ ప్లాను తీయించి, మూల రాయి ఉంటే దాన్నుంచి, ఆయన్ని పక్కన నిలబెట్టుకుని కొలిపించు.

నీ దస్తావేజులో హద్దుల పేజీ, లేఅవుట్ ప్లానూ ఫొటో తీసి పంపు. నేను చదివి, అక్కావాళ్ల సర్వేయరుకి కూడా చూపిస్తాను. నోటీసు డ్రాఫ్టు ఇప్పటికే రాయించి ఉంటే అదీ పంపు, చూస్తాను. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
ప్రసాదు