అమ్మ పళ్ళకి ఫ్లోరైడ్ పట్టించిన వాళ్ళందరికీ

పోయిన దసరా మర్నాడు రాత్రి ఇక్కడ అమెరికాలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. ‘అమ్మ పళ్ళకి ఫ్లోరైడ్ ట్రీట్‌మెంట్ రాశారు, ఇన్సూరెన్స్ రాదట, తక్కువలో అయ్యే దారి ఎవరికైనా తెలుసా?’ అని. పొద్దున లేచేసరికి పదిహేడు జవాబులు. ‘ఇండియా వెళ్లి చేయించుకోండి’ అన్నవాళ్లు కూడా ఇద్దరున్నారు. వాళ్లకీ థాంక్స్, టికెట్ డబ్బులు పంపిస్తే ఇంకా పెద్ద థాంక్స్. మిగతా వాళ్లకి మాత్రం ఫోన్లో ఒక మాట చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

అమ్మకి 67. గ్రీన్‌కార్డు మీద వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. పెద్దవాళ్లకి ఇక్కడి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌ని డబ్బు కట్టి తీసుకుందామన్నా ఐదేళ్లు ఆగాలి. వచ్చినా, మామూలు మెడికేర్ పళ్ళ జోలికి రాదు. షోగ్రెన్స్ అనే జబ్బు వల్ల ఆమెకి నోట్లో ఉమ్మి ఊరదు. ఇడ్లీ ముక్కని కూడా నీళ్లతో మింగుతుంది. ఉమ్మి లేకపోతే పళ్ళు తొందరగా పుచ్చుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. చిగుళ్ల అంచున, పంటి మొదట్లో మొదలై, ఒక్క ఏడాదిలో ఐదు పళ్ళు పుచ్చాయి. డాక్టరు రెండు రాశారు. మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద పూసే పూత, రోజూ రాత్రి 5000 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఐదు వేలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. కొట్లో మనం కొనే పేస్టులో వెయ్యికి, పదిహేను వందలకి మధ్య ఉంటుంది. ఇది చీటీ లేకుండా ఇవ్వరు.

నేను కొన్న డెంటల్ ప్లాన్ వార్నిష్‌కి డబ్బులిస్తుంది, కానీ 14 ఏళ్ల లోపు పిల్లలకి. ఆ ముక్క కొనేముందు చదవలేదు, తప్పు నాదే. వార్నిష్ ఒకసారికి 65 డాలర్లు, ఆ క్లినిక్‌లోనే అమ్మే పేస్టు ట్యూబు 38. పుచ్చిన పళ్ళు బాగు చేయించేసరికే క్రెడిట్ కార్డు నిండిపోయింది.

అమ్మ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. “వద్దు బిడ్డా. ఫ్లోరైడ్ నీళ్లు తాగే గదా మా ఊరోళ్ల నడుములు వంగినయ్. మల్ల గదే నోట్లె పెట్టుకోవాల్నా?”

ఆమెది నల్గొండ జిల్లా, మర్రిగూడ పక్కన పల్లె. ముందు పళ్ళ మీద గోధుమరంగు గార ఇప్పటికీ ఉంది. మా పెద్ద మేనమామ నలభై దాటకముందే చేతికర్ర పట్టాడు. ఆ ఊరి మనిషికి ఫ్లోరైడే మందు అని ఏ నోటితో చెప్పాలి?

చెప్పింది ఒక అక్క. దేవరకొండ ఆడపడుచు, ఇక్కడ డెంటల్ హైజీనిస్టుగా, అంటే పళ్ళు శుభ్రం చేసే పని చేస్తుంది. నా మెసేజ్ చూసి డ్యూటీ నుంచి వస్తూ కారులోంచే ఫోన్ చేసి, నాతో రెండు నిమిషాలు, అమ్మతో నలభై నిమిషాలు మాట్లాడింది. “పిన్నీ, మన దగ్గర అది కడుపుల పడ్డది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటే, మనం దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు పుట్టినకాడికెల్లి తాగినం. ఇది పంటికి రాసి ఉమ్మేసేది. ఇక్కడ నల్లా నీళ్లల్ల కూడా లీటరుకు 0.7 కలుపుతరు.” ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. “కావాలనే కలుపుతరా?” అని అమ్మ రెండు రోజులు సీసా నీళ్లే తాగింది.

కానీ నాకు చెప్పని మాట అమ్మ ఆ అక్కకి చెప్పింది. “భయం గాదమ్మా. అల్లుని కార్డు ఇంకెన్నిసార్లు గీకిస్త?”

దాంతో అక్క దారి మార్చింది. ముందు డాక్టర్ని అడిగి చీటీలో బ్రాండు పేరు తీసేయించమంది. ‘సోడియం ఫ్లోరైడ్ 1.1 శాతం’ అని (ఆ 5000 పీపీఎం పేస్టులో మందు అదే) రాయించి బయట ఫార్మసీకి పంపించమంది. నిజంగా అంతే. మందుల ధరలు పోల్చి కూపన్లిచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్‌లో చూస్తే అదే ట్యూబుకి రోడ్డుకి ఈ పక్కన ఒక ధర, ఆ పక్కన ఇంకో ధర. కూపన్ చూపించి 14 డాలర్లకి తెచ్చాం. ఆ ఫార్మసీ కౌంటర్లో పెద్దాయనకి కూడా దండం. మా ఆయన ఆఫీసులో ఎఫ్‌ఎస్‌ఏ, అంటే ట్యాక్సు పడకుండా జీతంలోంచి వైద్యం ఖర్చులకి దాచుకునే ఖాతా, ఉందేమో చూసుకోమన్నది ఆ పెద్దాయనే. ఉంది. మా ట్యాక్సుల్లో అమ్మ డిపెండెంట్ కాబట్టి ఆమె మందులకీ వాడుకోవచ్చు. డిసెంబర్ 31కి పోవాల్సిన డబ్బు రెండు ట్యూబులుగా మారింది.

వార్నిష్‌కి అక్క చూపించిన చోటు టెక్సస్‌లో మెకిన్నీ ఊరి వైపున్న కమ్యూనిటీ కాలేజీ. డెంటల్ హైజీన్ విద్యార్థులు చేస్తారు, వెనక టీచరు ప్రతి పంటినీ మళ్ళీ చూస్తారు. క్లీనింగూ వార్నిషూ కలిపి 40 డాలర్లు. టైం మాత్రం పడుతుంది, మొదటిసారి మూడున్నర గంటలు కూర్చున్నాం. పని ఉన్నవాళ్లకి కష్టమే. అమ్మకి మాత్రం అది నచ్చింది. “తొందర పెట్టలేదు” అంది. వార్నిష్ పసుపుపచ్చగా, జిగటగా ఉంటే అద్దంలో చూసుకుని “పెండ్లికి పసుపు పూసినట్టుంది” అని నవ్వింది.

ఇదే అవసరంలో ఉన్నవాళ్లకి ఇంకో రెండు మాటలు. ఆదాయం బాగా తక్కువైతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఫీజు దాన్ని బట్టే తగ్గిస్తాయి, జీతం కాగితాలు పట్టుకెళ్ళండి. ఐదేళ్ల లోపు పిల్లలకైతే వాళ్ల మామూలు పిల్లల డాక్టరే వార్నిష్ వేయొచ్చు, చాలా ఇన్సూరెన్సుల్లో పైసా కట్టక్కర్లేదు. ఇవి నాకు అక్కర్లేకపోయినా చెప్పినవాళ్లు గ్రూపులో ఉన్నారు, వాళ్ల తరఫున రాస్తున్నా.

పేస్టు రాసుకున్నాక పుక్కిలించొద్దన్నారు. అమ్మకి అన్నిటికంటే కష్టం అదే. రోజూ రాత్రి ఉమ్మేసి, చేయి నల్లా దాకా పోయి ఆగుతుంది. ట్యూబు అయిపోతే కత్తెరతో నిలువుగా కోసి, బ్రష్‌తో గీకి ఇంకో మూడు రోజులు లాగుతుంది. తొమ్మిది నెలలైంది, కొత్తగా ఒక్క పన్నూ పుచ్చలేదు.

కాలేజీలో అమ్మ పళ్ళు చూసిన అమ్మాయి చదువు మే నెలతో అయిపోయింది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు అమ్మ డబ్బా నిండా సకినాలు చేసి తీసుకొచ్చింది. తను తినలేదు, అవి పొడి నోట్లో దిగవు. ఆ అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకుని, “ఇందులో చక్కెర ఉందా?” అని అడిగి, లేదన్నాకే కొరికింది.