ఖాళీ లేదన్న చోటు నుంచే దారి దొరికింది: అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన వారం పీణ్య సెకండ్ ఫేజ్‌లో ఒక ఆటో పార్టుల యూనిట్‌లో క్వాలిటీ ఇంజినీరుగా చేరాను. బాబు పుట్టాక హిందూపురంలో మానేసిన పని బెంగళూరులో మళ్ళీ చేతికొచ్చింది. "ప్రకటన ఎక్కడ చూశావ్?" అని దాసరహళ్ళిలో తెలిసినవాళ్ళంతా అడుగుతున్నారు. ప్రకటనే లేదండీ. మనుషుల వల్ల వచ్చింది, అందుకే ఈ పోస్టు.

ముందు మా పక్క పోర్షన్ అక్కకి. జాబ్ సైట్లలో ఎన్ని పెట్టినా, మధ్యలో గ్యాప్ ఉంది కదా, ఒక్క ఫోనూ లేదు. అక్క ఒక కంపెనీ పర్చేజ్‌లో చేస్తుంది. "ఖాళీ అని వేసేసరికే వాళ్ళ మనసులో ఒకరు ఉంటారు. వేయకముందే ఉత్తరం పెట్టు" అంది. నా ఉత్తరంలో "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అంటూ మొదలైన పేరా మొత్తం కొట్టేసింది. "నీకేం కావాలో వాళ్ళకెందుకు? వాళ్ళకి తలనొప్పి ఏదో అది రాయి."

గేటు మీద ఐఏటీఎఫ్ 16949 (వాహన పార్టుల తయారీకి ఉన్న క్వాలిటీ ప్రమాణం) బ్యానర్ కట్టిన యూనిట్ అంటే అక్కడ ఆడిట్లు తప్పవని నాకు తెలుసు. గేజుల (కొలిచే పనిముట్ల) కాలిబ్రేషన్ రికార్డులు, అంటే అవి సరిగ్గా కొలుస్తున్నాయని చూపే కాగితాలు, కొలిచే పద్ధతిని ఎంత నమ్మొచ్చో చూపే ఎంఎస్ఏ, పార్టుకి కస్టమర్ ఆమోదం కోసం పెట్టే పీపీఏపీ ఫైళ్ళు ఆడిట్ దగ్గరపడే కొద్దీ ఎలా మీద పడతాయో చూసినదాన్నే. ఉత్తరంలో అదే రాశాను: మీరు చేసే ఫలానా పార్టు లాంటివాటికి ఈ కాగితాలన్నీ నేను తయారుచేశాను, వచ్చి చూపిస్తాను అని. ఐదారు వాక్యాలు, అంతే. గ్యాప్ సంగతి ఒక్క వాక్యంలో దాచకుండా చెప్పేశాను.

ఎవరికి పంపాలన్నది ఇంకో తలనొప్పి. హిందూపురంలో నా పాత మేనేజర్ సార్ ఫోన్లో మంచి దారి చెప్పారు. "కాలిబ్రేషన్ ల్యాబ్ వాళ్ళని అడుగమ్మా, ఏ యూనిట్లో క్వాలిటీ ఎవరు చూస్తారో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు." నిజమే, ఏ గేజుకి గడువు ముగిసినా అది వెళ్ళేది వాళ్ళ దగ్గరికే కదా. సార్, ఎవరు ఫోన్ చేసి అడిగినా నా గురించి విసుక్కోకుండా చెప్పారు. మీకు రుణపడి ఉంటాను.

ఇక ఆదోని అన్న. ఒక యూనిట్ గేటు దగ్గర సెక్యూరిటీ. నా తెలుగు విని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. హెచ్‌ఆర్ పేరుతో ఉన్న మెయిల్‌ని అకౌంట్స్ సెక్షన్ ఆయన చూస్తాడట, బిల్లులు తప్ప ఇంకేం తెరవడట. టేబుల్ సొరుగు లాగి చూపించాడు. నిండా రెజ్యూమే కవర్లు, కొన్నిటికి ఫోటోలు పిన్ను కొట్టి ఉన్నాయి. "పేరు లేని కవరంతా ఇక్కడే ఉండిపోతాది మేడమ్మా. సార్ పేరు రాసియ్యి, టీకి బయటికొచ్చినప్పుడు చేతిలో పెడతా." పెట్టాడు కూడా.

ఆ యూనిట్ క్వాలిటీ సార్ జవాబు రెండే ముక్కలు: ఇప్పుడు ఖాళీ లేదు, ఉత్తరం దగ్గర ఉంచుకుంటాను. మర్యాద మాట అనుకుని ఊరుకున్నా. కానీ ఆయన దాన్ని తమకు పార్టులు సప్లై చేసే ఇంకో యూనిట్‌కి పంపారు. వాళ్ళకి కస్టమర్ ఆడిట్ నెత్తి మీద ఉంది, క్వాలిటీలో మనిషి లేడు. నేను పేరు కూడా వినని కంపెనీ నుంచి ఫోన్! ఇంటర్వ్యూలో పెద్దగా ప్రశ్నల్లేవు. బోర్ గేజ్, ఒక బుష్ (చిన్న గొట్టం లాంటి పార్టు) చేతికిచ్చి లోపలి వ్యాసం చెప్పమన్నారు. ముందు గేజుని జీరో చేసుకోవాలి, సెట్టింగ్ రింగ్ (వ్యాసం కచ్చితంగా తెలిసిన రింగు) ఇవ్వండి అన్నాను. ఎదురుగా ఉన్నాయన పక్కాయన వైపు చూసి నవ్వారు. జీతం మాటలు అక్కడి నుంచే మొదలయ్యాయి.

ఆ క్వాలిటీ సార్‌ని ఇప్పటికీ చూడలేదు. సార్, ఈ పోస్టు ఎవరైనా మీకు చూపిస్తే నా నమస్కారాలు.

జవాబు ఇవ్వని కంపెనీల మీద నాకు కోపం లేదు, అడగకుండా పంపిన ఉత్తరం కదా. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు, పీణ్యాలో సీటు గ్యారంటీ అన్న కన్సల్టెన్సీ మీద మాత్రం ఉంది. ఉద్యోగం ఇప్పించడానికి ముందే డబ్బులడిగేవాడికి రూపాయి ఇవ్వకండి. మా ఆయన ఆ రోజు గట్టిగా వద్దన్నాడు, కాబట్టి ఆయనకీ ఒక థాంక్స్.

క్వాలిటీ, ప్రొడక్షన్ లైన్లో వెతుకుతున్న మన ఆడపిల్లలెవరైనా ఉంటే ఉత్తరం రాసి నాకు మెసేజ్ చేయండి, ఆదివారం సాయంత్రాలు చదివి చెప్తాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మాత్రం నన్ను వదిలేయండి, ఆ సంగతులు నాకు అస్సలు తెలీవు.