మా నాయినమ్మ సకినం నీ చేతిలనే ఉన్నది

హన్మకొండ,
కనుమ తెల్లారి.

ఏమే పోరీ,

మంచిగున్నవా? సూరత్‌ల చలి అంతగనం ఉండదంటవు గని, ఇక్కడ పొద్దుగాల ఎనిమిదైనా దుప్పటి ఇడువబుద్ధయితలేదు. ఫోన్‌ల రోజూ మాట్లాడుకుంటనే ఉన్నం గదా, మళ్ల ఈ ఉత్తరమేందని అనుకుంటవేమో. ఫోన్‌ల అయితే నడుమ ఎవరో ఒకరు పిలుస్తరు, "ఆగే, మళ్ల చేస్త" అంటవు. ఈ ముచ్చట సగంల ఆగొద్దని కాయితం పట్టుకున్న.

సంక్రాంతికి బియ్యప్పిండితోని చుట్టే మన సకినాల ముచ్చట.

ఈసారి 10 కిలోల బియ్యం నానవోసిన. అమ్మ, అత్తమ్మ, ఇద్దరు యారాండ్లు, ఆడిబిడ్డ అందరం మా ఇంట్లనే చేద్దామనుకున్నం. తెల్లారి వడగట్టి, బట్ట మీద ఆరవోసి, తడి ఆరకముందే గిర్నికి పట్టుకపోయిన. గిర్ని కాడ లైను రోడ్డు దాకా ఉన్నది. ఎవరి బిడ్డ పురిటికొచ్చింది, ఎవరింట్ల లగ్గం కుదిరింది, నువ్వులు కిలో ఎంతైనయి, అన్ని అక్కడనే తెలిసినయి. రెండు గంటలు నిలబడ్డా నాకు కాళ్లు గుంజలేదు.

ఇంటికొచ్చి పిండి జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు కలిపినం. కింద ఏం పరిచిననో చెప్పుకో. మీ బాపు నేసిన జంపఖానా! కొత్తవాడల మీ మగ్గం మీద నేసిందే, ఎర్ర అంచుది. రంగు కొంచెం దిగింది గని ఒక్క పోగు లేవలేదు. వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు ముందుగాల మీ బాపే యాదికొచ్చిండు. 1851ల లండన్‌ల పెట్టిన పెద్ద ప్రదర్శనకు గూడ మన వరంగల్ తివాచీలు పోయినయని చదివిన. ఆయన ఉన్నప్పుడే ఆ మాట చెప్తే ఎంత మురిసేటోడో.

జంపఖానా మీద తాత తెచ్చిన తెల్లబట్ట పరిచిన. ఆజం జాహి మిల్లు బట్ట. ఆ మిల్లు 1934ల మొదలైంది, తర్వాత మూతపడ్డది. తాత అండ్లనే పనిచేసిండు గదా, ఏటా పండుగకు ఇంత బట్ట ఇంటికొచ్చేది. మిల్లు పోయినా ఆ ఒక్క ముక్క మాత్రం మా ఇంట్ల సకినాల బట్టయి మిగిలింది. అమ్మ దాన్ని ఇంకో పనికి ముట్టనియ్యదు.

ఇగ అసలు సంగతి. బట్ట నిండినంక నడుము పట్టుకొని లేచి నిలబడి చూసిన. ఎవరి సకినం ఏదో పేరు రాసిపెట్టినట్టే ఉన్నది. అత్తమ్మది జగిత్యాల దిక్కు గదా, ఆమెవి సన్నగ తీగె లెక్క, నాలుగు చుట్లు. అమ్మవి మూడే చుట్లు, మెలిక మీద మెలిక, ఎక్కడ సందు లేదు. ఆడిబిడ్డది తొందర చెయ్యి, చుట్టుకూ చుట్టుకూ నడుమ వేలు పడుతది. అన్ని ఒక్క దిక్కే తిరిగినయి. ఎడమకు తిరిగిన సకినం ఒక్కటి లేదు.

నీకు యాదికొచ్చింది గదా?

మా నాయినమ్మది ఎడమచేతి వాటం. ముందుగాల పిండితోని గౌరమ్మను మాత్రం కుడిచేత్తో చేసేది, పసుపు కుంకుమ పెట్టి మొక్కేది. మొక్కుడు అయినంక ఎడమచెయ్యి పిండిల పెట్టేది. ఇగ ఆ చెయ్యి ఆగేది కాదు. నీదీ ఎడమచెయ్యే. బడిల ఎడమచేత్తో రాస్తున్నవని పంతులు నీ వేళ్ల మీద కొట్టిన రోజు ఏడ్చుకుంట మా ఇంటికొచ్చినవు. మీ అమ్మ గూడ ఊకె తిట్టేది, ఆ చెయ్యి మంచిది కాదని. నాయినమ్మ నిన్ను పక్కన కూసోబెట్టుకొని, నీ చేతిల పిండి పెట్టి, "ఏ చెయ్యో పిండికి తెలుస్తదా బిడ్డా" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికి చెవులల్ల ఉన్నది. ఆ పండుగ నుంచి మీ ఇంటోళ్లు సూరత్ పోయేదాకా ప్రతి ఏడు నువ్వు ఆమె పక్కనే. నేను కుడిచేతిదాన్ని, ఆమె ఎదురుంగ కూసోని ఎంత చూసినా ఆ మెలిక నాకు పట్టుబడలేదు. కొన్నాళ్లు నీ మీద మస్తు కుళ్లుకున్న. ఇప్పుడు చెప్తున్న, కోపం చెయ్యకు.

మొన్న మా చిన్నది వచ్చి కూసున్నది. దానిదీ ఎడమచెయ్యే, నీకు చెప్పిన్నో లేదో. దాని 14 ఏండ్లల్ల మొదటిసారి తనంతట తాను "నాకు నేర్పు" అన్నది. నేను చేసి చూపిస్తే అది చేసేసరికి పిండి తెగుతున్నది, మెలిక విప్పుకుంటున్నది. "కుడిచేత్తో చెయ్యరాదే" అన్నది అత్తమ్మ, ప్రేమగనే అన్నది. పిల్ల ఏమనకుండ చెయ్యి కడుక్కొని లేచిపోయింది. నా పానం కలుక్కుమన్నది. నాయినమ్మ వేళ్లు నా బిడ్డకొచ్చినయి, వాటికి దారి చూపెట్టే విద్యనేమో నాకు రాదు.

ఇప్పుడు హన్మకొండల ఏ గల్లీకి పోయినా సకినాలు కిలో లెక్క దొరుకుతున్నయి. అవి చేసేది గూడ మనసొంటి ఆడోళ్లే, వాళ్ల కష్టానికి దండం పెడుత. కొనుక్కుంటే తప్పేం లేదు. కాని నాకు కావాల్సింది ఆ ఎడమ మెలిక. అది ఇప్పుడు నీ ఒక్కదాని దగ్గరనే ఉన్నది.

మాఘ పున్నమికి మేడారం వస్తనంటివి గదా, సమ్మక్క సారలమ్మలకు బంగారం, అదే బెల్లం, మొక్కున్నదని. నవజీవన్ ఎక్కితే సక్కగ వరంగల్‌లనే దిగుతవు. జాతర అయినంక రెండొద్దులు మా ఇంట్ల ఉండు. పండుగ ఎల్లిపోయినంక సకినాలేందని ఎవరన్న అంటే నేను జవాబు చెప్పుకుంట. పిల్లకు నీ సంగతి, నాయినమ్మ సంగతి అంత చెప్పిన. "ఆ అత్తమ్మ ఎప్పుడొస్తది" అని రెండుసార్లు అడిగింది.

తెల్లబట్ట ఉతికి మడతపెట్టిన. రైలెక్కంగనే ఒక్క ఫోన్ చెయ్యి, బియ్యం నానవోస్త.

నీ దోస్తు